ఎండిన కాలువలో సభ

మా ముత్తాత నీలాద్రిరాజు గారు, ఆ తర్వాత తాత వెంకటపతిరాజు గారు మా పిల్లకాలువకు నీటిపెద్దలు. ఏ చేనుకు ఎప్పుడు నీరు పారాలో వాళ్లే చెప్పేవారు. ఇవాళ ఎన్నికల ఆటో ఒకటి మైకులో అరుచుకుంటూ మా వీధిలోంచి పోయింది. వెనక లేచిన దుమ్ము వాసనకు ఆ కాలువ అడుగు గుర్తొచ్చింది.

వేసవిలో కాలువ కట్టేస్తే, ఇంటింటా ఆవపిండి ఘాటు గట్టుదాకా వచ్చే ఆ రోజుల్లో, పిల్లలం పగుళ్లిచ్చిన ఆ బురదమీదే గోళీలాడుకునేవాళ్లం. మృగశిరలో నీరు వదిలితే ముందు చిట్టచివరి చేలకు పారాలి. అక్కడి రైతు వీరన్న తడిమట్టి ముద్ద తెచ్చి మా అరుగుమీద పెట్టాకే తాతగారు ఎగువ తూములు తెరవమనేవారు. మా మాగాణి ఎగువనే ఉన్నా మాకూ ఆ తర్వాతే.

పంచాయతీ ఎన్నికల ఏడు, తాతగారి మీద సర్పంచ్‌గా నిలబడ్డాయన ఎండిన కాలువలోనే సభ పెట్టాడు. తాతగారి పక్కన గట్టుమీద నిలబడి చూశాను. ఊరంతా నేలకు దిగువన ఉంది. మైకు మాట రెండు గట్లకూ తగిలి, మనిషి ఒకచోట, గొంతు మరోచోట ఉన్నట్టు వినిపించేది.

"పెద్దాయన గారు మంచోరేనండి. కాకపోతే నీళ్లు కూడా ఆయన్నడిగే పల్లానికి పారాలంటండి," అన్నాడు. నవ్వారు. "మీ చేను ముందునించి పోయే నీరు ఎవరిదండీ?" అంటూ చెయ్యెత్తాడు.

"మనదే," అంది జనమంతా ఒక్కసారే.

చెయ్యి దించాడు. దగ్గు కూడా వినిపించలేదు. మళ్లీ ఎత్తాడు. మా వంట సూరమ్మ, నాకు అక్షరాలు దిద్దించిన మాస్టారు, అందరిదీ ఒకే గొంతు. ఎవరి ముఖం ఎవరిదో నేను పోల్చుకోలేకపోయాను.

వీరన్న గట్టెక్కి వచ్చాడు. "తమరొక్క మాట చెప్పండి బాబుగారూ. మా చేలెండిపోతాయండి."

"ఇవాళ పేరు పెట్టి పిలిచినా ఎవరూ పలకరు, వీరన్నా."

కింద చెయ్యి లేచింది. వీరన్న తాతగారినే చూస్తున్నాడు, కళ్లలో నీళ్లున్నాయి. పెదవులు మాత్రం కదిలాయి. "మనదే," అన్నాడు.

తాతగారు ఓడిపోయారు. నీరొచ్చిన రోజున ఎవరి తూము వాళ్లు ఒక్కసారే ఎత్తుకున్నారు. చివరి చేలకు చుక్క చేరలేదు. పై ఊరివాళ్లు నీళ్లు దొంగిలించారని కొత్త సర్పంచ్ మళ్లీ సభ పెట్టాడు. అక్కడా చెయ్యెత్తాడు, అక్కడా అదే మాట. ఆ ముందు వరసలో వీరన్న ఉన్నాడు.

ఇప్పుడు నీటివంతు ఎవరూ అడగరు. చివరి చేలన్నీ చేపల చెరువులు. మా ఎగువ మాగాణి కూడా నాన్నగారి హయాంలోనే చెరువుల వాళ్లకు అమ్మేశాం.