ఇంజిన్‌కు పౌడర్

జోల్వా దారిలో నా కిరాయి కారు మళ్లీ ఆయిల్ కార్చింది. ఇంజిన్ దించాల్సిందేనని మెకానిక్ ఎప్పుడో తేల్చేశాడు. అంటే కారు అమ్మి కారు బాగుచేయించుకోవాలి. బానెట్ ఎత్తి అటూ ఇటూ తిరుగుతుంటే, వెనక సీట్లోని ప్రయాణికుడు, మగ్గాల మీద పనిచేసే ముసలాయన, దిగాడు. ఇంజిన్ తుడిచి, సంచిలోంచి పౌడర్ తీసి చల్లాడు.

"ఏంది కాకా, దీనికి పెండ్లిచూపులా?"

"బట్టకు నూనె మరకైతే గిట్లనే చల్లుతం. పీల్చుకుంటది, జర ఆగు."

బండి స్టార్ట్ చేశాను. మరక పోలేదు. కానీ ఒక బోల్టు దగ్గర మొదలైన నల్లటి చార తెల్లటి పౌడర్ మీదుగా కిందికి దిగింది. ఆ బోల్టు బిగించాను, కారడం ఆగింది.

ఆయన పౌడర్ వల్లే లీకు దొరికిందని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. జోల్వాలో దిగుతూ, "మరక పోలే బిడ్డా, ఏమనుకోకు," అన్నాడు.