కింది పెదవి

జ్ఞానదంతం తీయించుకున్నాక మా ఆయనకు కింది పెదవి మొద్దుబారింది. వేరు నరాన్ని ఆనుకుని ఉందని, ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పారు. స్పర్శ రావచ్చు, రాకపోనూ వచ్చు. ఇంకెవరికైనా అయితే గడ్డం మీద కారిన కాఫీ తుడుచుకుంటే సరిపోయేది. ఈయన ఓబో వాయిస్తాడు. రెల్లుతో చేసిన రీడ్‌ను ఆ పెదవి మీదే ఆనించి ఊదాలి. పెదవికి తెలియకపోతే స్వరం నిలవదు.

"మీ ఆయన ఊదేది సన్నాయేగా," అంటుంది ఇక్కడే కెనడాలో, మిల్టన్‌లో నా తమ్ముడి దగ్గరుండే మా అమ్మ. పెద్ద తప్పేమీ కాదు, ఓబో సన్నాయికి దూరపు చుట్టమే. నార్వేలో చేపల పడవలుండే చిన్న ఊరు ఆయనది. బడిలో బ్యాండు ఉండేది. ట్రంపెట్ అడిగితే అయిపోయాయని ఓబో చేతిలో పెట్టారట. వీధిలో నడుస్తూ వాయించడానికి ఇంత పనికిమాలిన వాద్యం ఇంకోటి లేదని ఇప్పటికీ విసుక్కుంటాడు. ఆ విసుగుతోనే ఓస్లోలో చదివి, అక్కడి ఆర్కెస్ట్రాల్లో వాయించి, ఆడిషన్ ఇచ్చి కెనడా వచ్చాడు. కచేరీకి ముందు అందరూ శ్రుతి చేసుకునేది ఓబో ఇచ్చే స్వరానికే. ఏళ్ల తరబడి ఇక్కడ ఆ స్వరం ఆయనదే.

సెప్టెంబరు రిహార్సల్స్ దాకా ఆయన కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు. అప్పటికీ రాలేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు.

అందుకని వాటర్లూలో మా వంటింటి బల్ల దగ్గర రోజూ ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఆయన కళ్లు మూసుకునేవాడు. నేను దూదిపుల్లతో పెదవి తాకేదాన్ని. ఎటువైపో ఆయన చెప్పాలి. చాలాకాలం అన్నీ తప్పులే. తర్వాత నేను ఆఫీసు మీటింగ్‌కు లాగిన్ అయ్యేదాన్ని. బాధ కూడా కలిగేది కాదు. పెదవి ఆయనదైనా, ఏమీ తెలియకపోవడం మాత్రం నాకూ అంటుకుంది.

ఆగస్టులో ఉన్నట్టుండి జవాబులు సరిగ్గా రావడం మొదలైంది. లెఫ్ట్ అంటే లెఫ్టే, రైట్ అంటే రైటే. ఓబో ఇంకా జీరగానే పలికేది. కండరం బలపడాలి, అంతే అనేవాడు. వస్తున్నానని ఆర్కెస్ట్రాకు మెయిల్ పెట్టాడు. "అమ్మవారి దయ," అంది అమ్మ. నాకు సంతోషం రాలేదు. వస్తుందిలే అనుకున్నాను.

రిహార్సల్ రేపనగా, చపాతీ పిండి కలుపుదామని గాజులు తీసి బల్ల మీద పెట్టాను. చేతులు కడుక్కుని అలాగే వచ్చి ఆయన ఎదుట కూర్చున్నాను. ఎడమవైపు తాకాను. పలకలేదు. కుడివైపు తాకాను. మధ్యలో కాస్త గట్టిగానే నొక్కాను.

"ఐ యామ్ రెడీ," అన్నాడు కళ్లు తెరవకుండానే. "స్టార్ట్ చెయ్యి."

బల్ల మీది గాజులు కనిపించాయి. ఆగస్టులో శ్రావణ శుక్రవారం నాడు అమ్మ వచ్చి నా రెండు చేతులకూ మట్టిగాజులు తొడిగింది. సరైన జవాబులు ఆ మర్నాటి నుంచే. ఆయన అబద్ధమాడలేదు. గాజుల చప్పుడు ఎటు వినిపిస్తే అటు పెదవికి తెలిసిందనుకున్నాడు. నా ఉద్యోగం చూస్తే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నవ్వొచ్చే విషయమే. నవ్వు రాలేదు. నొప్పి పుట్టింది. ఎన్నో నెలల తర్వాత నాకు తెలిసిన మొదటి నొప్పి అదే.

గాజులు చేతిలోకి తీసుకున్నాను. పెదవి ముట్టకుండా, ఆయన ఎడమ చెంప పక్కన కొద్దిగా కదిపాను.

"లెఫ్ట్," అన్నాడు వెంటనే. ముఖమంతా సంతోషం.

కళ్లు తెరవమన్నాను.