లాగి చూడని పోగు

ధర్మవరంలో నా అబద్ధాలకు మంచి పేరుంది. మగ్గం గుంతలో కూర్చుని ఒక చీర నేసేలోపు నాలుగు కట్టుకథలైనా అల్లకపోతే నాకు చెయ్యి ఆడదు. మా తొలి పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన పూట దాని వీపు మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే అప్పుడూ ఒకటి అల్లాను. “కడుపుతో ఉన్నప్పుడు వాళ్లమ్మ ఎర్రపట్టు కండెలు చుట్టింది, ఆ రంగు దిగింది” అన్నాను. చూడవచ్చిన వాళ్లంతా నవ్వారు. ఆ నవ్వుల్లో చుక్కలను ఎవరమూ డాక్టరుకు చూపించలేదు. మర్నాడు పాప తలలో రక్తం కారింది. తొమ్మిదో రోజుకు పాప లేదు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

నా భార్య మా అక్క కూతురే. అందుకని అందరూ మేనరికం మీద నింద వేశారు. మూడేళ్లకు మళ్లీ కడుపు వచ్చినప్పుడు హిందూపురం డాక్టరమ్మ మా ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపి వేరే మాట చెప్పింది. నా ప్లేట్‌లెట్ల మీదున్న ఒక గుర్తు నా భార్య ప్లేట్‌లెట్ల మీద లేదట. నా నుంచి అది బిడ్డకు వస్తుంది. తల్లి ఒళ్లు దాన్ని పరాయిదనుకుని కడుపులోని బిడ్డ ప్లేట్‌లెట్లను చంపేస్తుంది. అవి తగ్గితే కారే రక్తం ఆగదు.

“అంటే మేము చాలినంత చుట్టాలం కాదా మేడమ్?” అన్నాను.

ఆమె నవ్వలేదు. “మొదటి పాపకు ఒంటిమీద చుక్కలేమైనా కనిపించాయా?”

“అవి రంగు మరకలు మేడమ్,” అంది పక్కనున్న మా అక్క. “మా తమ్ముడే చెప్పినాడు.”

“రంగు కాదక్కా. అబద్ధం చెప్పినా,” అన్నాను. అక్క నా వైపు చూసింది.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. బొడ్డుతాడులోకి సూది పంపి బిడ్డ ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో చూడవచ్చు. కానీ అవి బాగా తక్కువుంటే ఆ సూది గుచ్చిన చోటే రక్తం ఆగక బిడ్డ పోవచ్చు. లేదా ఏమీ చూడకుండానే వారంవారం తల్లికి యాంటీబాడీల మందు ఎక్కించవచ్చు. దానితో తలనొప్పి, జ్వరం వస్తాయి. ఒక్కోసారి తల్లికి అంతకన్నా పెద్ద ఇబ్బందే రావచ్చు. పైగా తప్పక పనిచేస్తుందని మాట ఇవ్వలేరు. తాను రెండోదానివైపే మొగ్గుతానని, తేల్చుకోవలసింది మేమేనని అంది.

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక నా భార్య వైపు తిరిగాను.

“సూదితో చూస్తే తెలిసిపోతాది గదా. తెలియకుండా ఎట్ల ఉండేది?” అన్నాను.

“మామా, పడుగులో ఒక పోగుకు బలం లేదని అనుమానమొస్తే ఏం జేస్తావు?” అంది నా భార్య.

“మగ్గం దెబ్బ మెల్లగా వేస్తా.”

“లాగి చూడవా?”

“లాగితే తెగిపోదా?”

“మరి?” అని కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత ప్రతి మంగళవారమూ మందు కోసం హిందూపురమే. ఒకసారి తిరుగు రైల్లో ఒక పెద్దాయన అడిగాడు. “వారం వారం యాడికి పోతాండారప్పా?”

ఆ మందును ఎంతోమంది ఇచ్చిన రక్తం నుంచి తీస్తారని డాక్టరమ్మ చెప్పింది. నా నోరు ఊరుకుంటుందా? “ఈమె మనుషుల రక్తం తాగుతాండాది పెద్దాయనా. ధర్మవరం అయిపోయింది, ఇంక రొద్దం వాళ్లే మిగిలినారు.”

“నోరు మూయి మామా, తల పగిలిపోతాంది,” అంది, తలకు తువ్వాలు బిగించుకుంటూ. ధర్మవరం వచ్చేదాకా మూసుకున్నాను.

నెలలు పూర్తిగా నిండకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు. బట్ట తొలగించి చూస్తే తొడ మీద రెండు ఎర్రచుక్కలు.

“ఏమిరా అవి?” అంది అక్క.

కథ నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

“చుక్కలక్కా. నర్సును పిలుస్తా.”

తలలో రక్తం కారలేదని స్కానింగులో తేలింది. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. వారానికి చుక్కలు మాసిపోయాయి.

ఇప్పుడు వాడు మగ్గం చుట్టూ పరుగెత్తి నిజంగానే ఒళ్లంతా రంగు పూసుకుంటాడు. నేను మగ్గం ఆపి తడిగుడ్డతో తుడిచి చూస్తాను. మరక పోయేదాకా ఎవరు పలకరించినా మాట్లాడను.