గోడ మీద నిమ్మచుక్క

నేను ఆరో తరగతిలోనే బడి మానెయ్యడానికి కారణం నా ప్రతిభే. బడి గోడ మీద బొగ్గుతో అయ్యవారి బొమ్మ గీశాను. కుదరకపోయి ఉంటే తప్పించుకునేవాడిని. అచ్చం ఆయనలాగే వచ్చింది! అప్పటినుంచి జమ్మలమడుగు చుట్టుపక్కల గోడలే నా పలకలు. సిమెంటు బస్తాలు, ఎరువుల సంచులు, ఎన్నికల్లో నిలబడ్డ నాయకులు, అన్నీ రాశాను. బయట ఎంత చిరాకు మనిషైనా నా గోడ మీద నవ్వాల్సిందే. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గోడలు అక్కడే ఉన్నాయి, పిలిచేవాళ్లే లేకుండా పోయారు.

మొన్నటి ఎండాకాలం ప్రొద్దుటూరు నుంచి పిలుపొచ్చింది. కొత్తగా పెళ్లయిన జంట చిన్న అంగడి పెడుతున్నారు. పాలు, వెన్న, గుడ్డు ఏదీ తగలకుండా, ఉత్త కూరగాయలతో ఓపెన్ శాండ్‌విచ్‌లు అమ్ముతారట. చేతిబొమ్మే కావాలని ఆమె పట్టు. భర్తకేమో ఫ్లెక్సీ మీద మనసు. ఏడు నెలల తర్వాత నాకు దొరికిన గోడ అది. ఇదీ పోతే బ్రష్షులు అటకెక్కించడమే అనుకుని బస్సెక్కాను.

"మామా, నేను పులివెందులకు పోయి సాయంత్రానికి వస్తా. బొమ్మ చూస్తే నోరూరల్ల. ఊరకపోతే రేప్పొద్దున ఫ్లెక్సీ కట్టేస్తా," అని అతను బండి తీశాడు.

ఆమె ఒక శాండ్‌విచ్ చేసి స్టూలు మీద పెట్టింది. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాను.

"పైముక్క యాడ పోయిందిమ్మా?"

"పైముక్క ఉండదన్నా. మొగం దాచుకునేంత తప్పు అదేం జేసింది?"

నోటికి నోరు దొరికిందని సంబరపడి బ్రష్షు పట్టాను. ఎండ మాత్రం నాకు పోటీకి దిగింది. కీరా గీసేసరికి టమాటా నీళ్లు వదిలింది. టమాటా దగ్గరికి వచ్చేసరికి బీట్‌రూట్ కారిపోయి రొట్టె అంతా ఎర్రగా తడిసింది. నేనేమో ఉన్నది ఉన్నట్టు రాసే రకం. మధ్యాహ్నం ఆమె బయటికొచ్చి, గోడ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందన్నా ఇది, లారీ కింద పడినట్టుండాది?"

"ఎండకు అదట్లే అయిందిమ్మా. నన్నేం జెయ్యమంటావు?"

"చూసి రాస్తే రాదులే. లోపలికి రా, నువ్వే ఒకటి చెయ్యి."

ముందు నా చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగించింది. టర్పెంటైన్ పోయిందా లేదా అని ప్రతిసారీ వాసన చూసింది. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇంత పరీక్షగా చూడలేదు.

రొట్టెముక్కను చుక్క నూనెతో పెనం మీద కాల్చాను. వేరుశనగలతో ఆమె రోట్లో నూరిన ఊరిబిండి దాని మధ్యలో పూశాను.

"అంచుల దాకా పూయన్నా! లేకుంటే నీళ్లు దిగి రొట్టె మెత్తబడతాది."

చెయ్యి ఆగిపోయింది. కొత్త గోడకు మేము ముందుగా కొట్టే ప్రైమరు ఇదే కదా! ఆపైన ఆమె చెప్పిందంతా నా పనే. కీరా చక్రాలను గుడ్డతో అద్దాలి. తడి గోడ మీద రంగు నిలుస్తుందా మరి? టమాటాలో గింజలు తీసెయ్యాలి. లేత రంగులు కింద, ముదురువి పైన. బీట్‌రూట్ వాటి తర్వాతే, అదీ సన్నటి పోగు. ముప్పై ఏళ్లు రంగు డబ్బాల్లో చేతులు పెట్టి నేను నేర్చుకున్న చదువును ఈ పిల్ల కత్తిపీట ముందు కూర్చుని నేర్చేసుకుంది.

తర్వాత ఊదా క్యాబేజీని అడ్డంగా కోసింది. లోపల తెల్లటి దారులు, వాటి వెంట మడత మీద మడతగా ఊదారంగు. అంత సన్నటి గీత నా చేతికి ఏనాడూ లొంగలేదు. ఆమె సన్నగా తరిగి నా రొట్టె మీద పరిచింది.

"ఇప్పుడు నిమ్మకాయ పిండన్నా."

పిండాను. చుక్క పడినచోట ఊదా కాస్తా గులాబీ అయింది, నా కళ్ల ముందే. ఇంకో చుక్క వేశాను. అక్కడా వెలిగింది. ఆ గులాబీ కోసం మూడు డబ్బాలు విప్పి పొద్దంతా కలిపినా నాకు రాదు.

"ఏందన్నా, దయ్యాన్ని చూసినట్టు నిలబడినావు?"

"ఇది రోజూ ఇట్లే మారతాదా?"

"రోజూ మారతాది. నువ్వు ఈపొద్దు చూసినావు, అంతే."

ఆ శాండ్‌విచ్‌ను అక్కడే నిలబడి తినేశాను. రాయాల్సిన బొమ్మను ముందే మింగేసిన పెయింటరు ఇంకొకడు ఉండడు. గోడ తుడిచి, ఎదురుగా ఏమీ పెట్టుకోకుండా మళ్లీ మొదలుపెట్టాను. ఊరిబిండి అంచుల దాకా వచ్చింది. క్యాబేజీ సగం ఊదా, చుక్క పడినచోట గులాబీ. పైన ఇంకో చుక్క, పడటానికి సిద్ధంగా.

సాయంత్రం భర్త వచ్చాడు. రోడ్డవతల నిలబడి చానాసేపు చూశాడు.

"అంతా బాగుండాది మామా. క్యాబేజీకి రెండు రంగులేంది? ఊదా అయిపోతే గులాబీతో సర్దినావా?"

"లేదప్పా, నిమ్మకాయ పిండితే అట్లే అవుతాది."

"నా అంగడి క్యాబేజీ గురించి నాకే చెప్తాండావా?"

విసురుగా లోపలికి పోయాడు. తలుపులోంచి తొంగి చూశాను. దుమ్ము మొగం కూడా కడుక్కోకుండా పళ్లెం మీద వంగి, నిమ్మచెక్క పిండుతున్నాడు. భార్య పక్కనే నిలబడి పళ్లెం మానేసి అతన్నే చూస్తోంది.

అతను చెయ్యి తుడుచుకుని ఫోను తీశాడు.

"అప్పా, ఆ ఫ్లెక్సీ వద్దులే... ఏం లేదప్పా, గోడ నిండిపాయ."

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. రెండో చెయ్యి ఇంకో నిమ్మచెక్క కోసం వెతుకుతోంది.