వీపు మీది కవచం

నా దేవునికి స్తోత్రం. ఈ వయసు దాకా నా కళ్లలో వెలుగు నిలిపినందుకు స్తోత్రం; నా పక్కనున్న మనిషికి ఆ వెలుగు ఎందుకు నిలపలేదో అర్థం కాకపోయినా స్తోత్రం.

పోయిన ఆదివారం దేశ రాజధానిలోని ఆర్.కె. పురంలో మా తెలుగు ఆరాధన ముగిశాక, పిల్లలకు తెర మీద బైబిల్లోని సర్వాంగ కవచం పాఠం చూపించారు. శిరస్త్రాణం, డాలు, ఖడ్గం ఒక్కొక్కటే తళుక్కున వచ్చి సైనికుడికి అతుక్కుంటుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మెరుస్తోందాండీ?" అని మెల్లగా అడిగింది. మెరుస్తోందన్నాను. 

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇక్కడి పిల్లలకు ఆ పాఠం చెప్పింది ఆవిడే. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, పెళ్లి కాకమునుపు మునిర్కాలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో, నేను వేలెడంత మట్టి బొమ్మలకు సన్నటి కుంచెతో రంగులు వేసేవాణ్ణి. ఉద్యోగమూ సంసారమూ వచ్చాక ఆ కుంచెలు అటకెక్కాయి. పిల్లలకు చూపడానికి ఒక సైనికుణ్ణి చేసిపెట్టమని ఆవిడ అడిగాకే మళ్లీ వాటిని దించాను. బొమ్మ ఒంటిమీద పుట్టీతో కవచం దిద్ది, దానికి వెండి రంగు పూసి ఎంతో గొప్పగా తీసుకెళితే, ముందు వరసలో కూర్చున్న ఒక చిన్నది "ఆంటీ, యే తో చాక్లెట్ కా కాగజ్ హై!" అని, అది చాక్లెట్ చుట్టిన కాగితమేనంటూ హిందీలో పకపకా నవ్వింది. మా ఆవిడ బొమ్మను వెనక్కి తిప్పి ఇంకో తప్పు పట్టింది.

"వీపుకి కూడా వేశారేంటండీ? పారిపోయేవాడనుకున్నారా? మన పాఠంలో వీపుకేమీ లేదు. గీకెయ్యండి."

గీకేశాను. కానీ ఆ చిన్నదాని నవ్వు మాత్రం నన్ను వదల్లేదు. ఇనుము ఇనుములా కనబడాలని, అడుగున నల్లరంగు వేసి పైన వెండి అద్ది చూశాను. పైపూత వార్నిష్ పడగానే అది బూడిదలా చచ్చుబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ చూపు మసకబారడం మొదలైంది. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిందన్నారు డాక్టర్లు. ఆసుపత్రి బల్ల మీద ఆవిడ వంతు కోసం కూర్చుని, పాటల పుస్తకంలో గుర్తు పెట్టుకుందామని పెన్సిల్ చెక్కుతుంటే, నా బొటనవేలికంటిన పొడి నిజమైన ఇనుములా నల్లగా మెరిసింది. ఇంటికి రాగానే బొమ్మ మీది నల్లరంగుకు ఆ పొడి రుద్దాను. అచ్చం ఇనుమే!

ఆ తర్వాత అంచులకు మాత్రం వెండి తాకిస్తూ, మడతల్లో నలుపు వదిలేస్తూ, ఒకదాని తర్వాత ఒకటి చేసి కిటికీ దగ్గర ఆవిడ ముందు పెట్టేవాణ్ణి. మొదట్లో బాగుందనేది. తర్వాత వెలుతురుకు తిప్పమనేది. ఆ తర్వాత బొమ్మ ఎక్కడుందని అడిగేది. నా చెయ్యి కుదురుకుంటున్న కొద్దీ ఆవిడ చూపు పోతూ వచ్చింది. మోకాళ్ల మీద పడి దేవుణ్ణి అడగడం, మళ్లీ వచ్చి పొడి రుద్దడం, ఇంతకుమించి నా చేతుల్లో ఏముంది?

చివరి బొమ్మకు, పాఠంలో లేదని తెలిసీ, వీపు మీద కూడా పలచగా కవచం అద్దాను. ఆవిడ దాన్ని అరచేతిలోకి తీసుకుని, ముందువైపు వదిలేసి, వెనక బొటనవేలితో తడిమింది.

"మళ్లీ వేశారా?" అంది. గీకెయ్యమని మాత్రం అనలేదు.

ఇప్పటి తెర మీది కవచం నా పెన్సిల్ పొడి కంటే ఎన్నో రెట్లు మెరుస్తుంది, నిజమే. కానీ అది ఎవరి చేతికీ అందదు. పోయిన ఆదివారం ఇంటికి వచ్చాక నా సైనికుణ్ణి దూది లోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. కూర్చున్నంతసేపూ వాడి వీపే నిమురుతూ ఉంది.

నా ఈడు సహోదరులారా, సహోదరీలారా, ఒక్క క్షణం కళ్లు మూసుకోండి. చూపు తిరిగి ఇమ్మని అడిగి అడిగి అలిసిపోయాను. ఆవిడకు కనబడని ఆ వెనకవైపున దేవుడే నిలబడాలని నాతో కలిసి అడగండి. ఆమేన్.