మా సందులో మాస్టారి విజిల్

డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు సముద్రం ఒడ్డున సోనేపూర్‌లో అందింది. వ్యానులోంచి వలల తాళ్లు దింపించి, పడవ యజమానితో సరుకు గురించి మాట్లాడుతున్నాను. బరంపురంలోని ఇంటి నుంచి ఫోను వచ్చింది. "మాస్టారు పోనారండీ," అంది మా ఆవిడ. "టీ తాగి కుర్చీలో కూకున్నారట. మరి లెగనేదు."

సరుకు వ్యానులో వచ్చింది, నేను పరుగు కోసమే తయారు చేసిన నా కారులో వెళ్లాను. కొన్నాక మొదటిసారి దాన్ని పరిగెత్తించాల్సిన అవసరం వచ్చింది. కానీ ఊరు దాటేదాకా దారిలో సగం మేర చేపలు ఆరబోసి ఉన్నాయి. ఆ తర్వాత స్పీడు బ్రేకర్లు, ఆవులు, ఐసు పెట్టెలు వేసుకుని నీళ్లు కారుస్తూ పోయే ఒక ఆటో. దాని వెనకే నిదానంగా వచ్చాను. మా సందు మొదట్లో జనం నిలబడి ఉన్నారు. కారు పెద్ద రోడ్డు మీదే వదిలి, కాలువ మీద నేను కట్టించిన సిమెంటు వాలు ఎక్కి నడిచాను. ఆ వాలు మీద అడుగు వేయడానికి ఆ రోజు నాకు మనసు ఒప్పలేదు. ఎందుకో చెబుతాను.

మాస్టారు ఒడియా బడిలో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. మా ఎదురిల్లు ఆయనది. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. ఇంట్లో, వీధిలో తెలుగే మాట్లాడేవారు గానీ, ఆజ్ఞ ఇవ్వాలంటే మాత్రం ఒడియాయే. సందులో పిల్లలు అల్లరి చేస్తే "సాబధాన్!" అని ఒక్క కేక వేసేవారు. ఆ కేకకి పిల్లలతోపాటు పాలు పోసే ముసలాయన కూడా నిటారుగా నిలబడిపోయేవాడు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి నాన్న తాళ్ల కొట్లో కూర్చున్నాను. తర్వాత నేర్చుకున్న నాలుగు ముక్కలూ సొంతంగా నేర్చుకున్నవే. మిగతా మాస్టార్లు కొట్టుకి వస్తే "బాగా చదివేవాడివి, మానేశావు" అని తప్పకుండా అనేవారు. డ్రిల్లు మాస్టారు ఒక్కసారి కూడా అనలేదు. "వరసలో ఆకరినున్నోడు కూడా వరసలో ఉన్నోడేరా," అనేవారు. ఆ మాట నాకు చాలా ఏళ్లు పనికొచ్చింది.

యాభై దగ్గరపడ్డాక, విశాఖలో ఒకాయన అమ్మేస్తున్నాడని తెలిసి ఈ కారు కొన్నాను. నీలం రంగు సెడాను. నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది. దాన్ని చూసి మా ఆవిడ, "తాళ్లు అమ్ముకునే మనకి ఇదేటండీ?" అంది. తెల్లవారుజామున ఛత్రపురం వైపు హైవే ఖాళీగా ఉన్నప్పుడు, మూడో గేరులో కాలు కాస్త గట్టిగా నొక్కితే ఎవరో గుండె మీద అరచెయ్యి వేసి సీటులోకి అదిమినట్టు ఉంటుంది. నేను తక్కువ మాట్లాడే మనిషిని. ఇంత చిన్న కదలికని ఇంత బాగా అర్థం చేసుకునే వస్తువు నాకు ఇంకొకటి దొరకలేదు.

ఆ కొద్ది నిమిషాలు పక్కన పెడితే మిగిలిందంతా బాధే. గుంత కనపడితే ఆగి, పక్కనుంచి తిప్పుకుని పోవాలి. టైరు పోతే విశాఖకో భువనేశ్వర్‌కో కబురు పెట్టాలి. ఇక్కడి మెకానిక్కు బానెట్ ఎత్తి, దండం పెట్టి దించేశాడు. సముద్రపు ఊళ్లకి వెళ్లొస్తే ఉప్పుగాలి భయంతో కడుక్కోవాలి. రోజువారీ లెక్కలో దీని పెట్రోలుని 'సరుకు రవాణా' కింద రాసేవాణ్ణి. దాని డిక్కీలోకి ఒక్క తాడు చుట్ట కూడా ఎప్పుడూ ఎక్కలేదు.

అన్నిటికంటే పెద్ద బాధ మా సందు. రోడ్డుకీ సందుకీ మధ్య మురుగుకాలువ ఉంది. దాని మీది రాతిపలక ఎత్తుగా ఉంటుంది. లోపల తిప్పుకునే చోటు లేదు కాబట్టి రోడ్డు మీది నుంచే వెనక్కి రావాలి. తెచ్చిన మొదటి సాయంత్రమే ఆ పలక మీద కారు అడుగుభాగం గీరుకుంది. ఆ చప్పుడు నా పళ్లలో వినిపించింది.

"ఆగు! ఆగరా తాళ్లోడా!" మాస్టారు అరుగు దిగి లుంగీ ఎగ్గట్టుకుని వచ్చారు. వంగి కింద చూశారు. "ఇదేటిరా, దీని పొట్ట నేల నాకతన్నాది! ఒంటి మీద అంత బలం ఎట్టుకుని గడప దాటనేకపోతే ఎలగరా?"

ఆ వారంలోనే చమఖండిలో ఒక పాత పడవని విప్పుతుంటే రెండు చెక్కలు అడిగి తెచ్చాను. వాటిని పలకకి రెండు వైపులా ఆనిస్తే చక్రాలు మెల్లగా ఎక్కి దిగుతాయి. తెచ్చింది నేనే గానీ, మర్నాటి నుంచి అవి మాస్టారివి అయిపోయాయి. తన గోడకే ఆనించి పెట్టుకునేవారు. నా హారను వినగానే చెక్కలు వేసి, జేబులోంచి ఇత్తడి విజిల్ తీసేవారు. పొట్టిగా ఊదితే రమ్మని. రెండుసార్లు ఊదితే చక్రం ఎడమకి. పొడుగ్గా ఊదితే ఆగమని. ఆగిన వెంటనే ఇంజను కట్టేయకూడదు. ఆయన చుట్టూ తిరిగి, చక్రాలు చూసి, నా అద్దం దగ్గరికి వచ్చి "బిశ్రామ్!" అనాలి. బడిలో పిల్లల్ని సేదతీరమని చెప్పే మాట అది. అప్పుడే నేను బ్రేకు మీంచి కాలు తీయాలి.

పక్కింటి అత్త చీపురుతో వాకిట్లో నిలబడి రోజూ వేళాకోళం చేసేది. "మాస్టారూ, ఇమానం దిగినాదేటండి?"

"దిగతన్నాది. ముందు ఆ సీపురు అడ్డు తియ్యి, రెక్క తగిల్తాది."

"నాకు టిక్కట్టు ఎప్పుడిస్తారు?"

"ఆ ఊగే పళ్లు కట్టించుకో, అప్పుడిస్తాను. గాలికి ఎగిరిపోతాయి."

ఒక తెల్లవారుజామున ఆయన్నే ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లాను. తెల్ల చొక్కా వేసుకుని, విజిల్ జేబులో పెట్టుకుని వచ్చారు. ఊరు దాటాక "ఏదీ, పరిగెట్టించు సూద్దాం," అన్నారు. నొక్కాను. తలుపు పైన ఉన్న పట్టీని పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. అంతలో జేబులోంచి విజిల్ తీసి పొడుగ్గా ఊదారు. రోడ్డు పక్కగా తీసి ఆపాను. "పరిగెట్టడం కుక్క కూడా పరిగెడతాది. ఆగమన్న సోట ఆగినోడే ఆటగాడు," అన్నారు. కాసేపు చూసి "బిశ్రామ్" అన్నారు. ఇద్దరం దిగి టీ తాగాం.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. ఆయన వంగడం కష్టమైంది. చెక్క ఎత్తినప్పుడు నడుము మీద చెయ్యి వేసుకోవడం నేనూ చూశాను. "పెద్దాయన సేత సెక్కలు మోయిస్తన్నారు. నలుగురూ ఏటనుకుంటారండీ?" అంది మా ఆవిడ. నిజమే కదా అనిపించింది. ఆయన ఛత్రపురంలో కూతురింటికి వెళ్లి పది రోజులు ఉన్న సమయం చూసి, మేస్త్రీని పిలిచి కాలువ మీద సిమెంటు వాలు కట్టించాను. పనిలో పనిగా కారు వెనక కెమెరా, దగ్గరికి ఏదైనా వస్తే కీచుమనే సెన్సార్లు పెట్టించాను. ఆయన వచ్చేసరికి అంతా తయారై ఉండాలని తొందరపెట్టాను. సంతోషపడతారనే అనుకున్నాను.

వచ్చిన సాయంత్రం నా హారను విని చెక్కలు పట్టుకునే వచ్చారు. ఆటోలో వచ్చేటప్పుడు గమనించలేదేమో, వాలు చూసి ఆగారు. నేను ఎవరి సాయం లేకుండా, గీత పడకుండా లోపలికి వచ్చి, సెన్సారు కీచుమనగానే ఆపాను. ఆయన చెక్కలు గోడకి ఆనించారు. చెప్పుతో వాలుని రెండుసార్లు తట్టి చూశారు.

"బాగున్నాదిరా. మంచి పని సేసావు," అన్నారు.

"మీకు శ్రమ తగ్గుతుందని, మాస్టారూ."

"అవునవును. శ్రమే కదా." అలా అని లోపలికి వెళ్లారు. ఆ రోజు బిశ్రామ్ అనలేదు. నేను అప్పటికే ఇంజను కట్టేశాను.

ఆ తర్వాత నేను కారు నిలిపే చోటికి వెనక, వాళ్ల గోడ పక్కన, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను వచ్చే వేళకి ఉండేవారు. అత్త "ఇమానం దిగినాదేటండి?" అంటే, "ఇప్పుడు అదే దిగతాదమ్మా. దానికి పిట్టొకటి పెట్టేరు, అదే కూస్తాది," అనేవారు. నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

నన్ను వదలనిది ఇంకొక సాయంత్రం. సన్నగా వాన పడుతోంది. చమఖండి నుంచి వచ్చాను. కెమెరా మీద ఉప్పూ బురదా పట్టి తెర మసకబారింది. వాలు సగంలో ఆగిపోయాను. పక్క అద్దంలో చూస్తే మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. చెయ్యి చొక్కా జేబులో ఉంది. అద్దం దించి "మాస్టారూ, కనపట్టం లేదు" అంటే చాలు. నేను కారు దిగాను, జేబురుమాలుతో కెమెరా తుడిచాను, ఎక్కాను, లోపలికి తెచ్చి పెట్టాను. ఆయన చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది. ఆ చేత్తోనే మొహం మీది వాన తుడుచుకున్నారు.

మర్నాడు పిలుద్దామనుకున్నాను. మర్నాడు వాన లేదు, తెర శుభ్రంగా కనిపించింది, అడగడానికి సాకు దొరకలేదు. సాకు లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. కెమెరా పాడైందని ఒక అబద్ధం ఆడదామని కూడా చాలా రోజులు అనుకున్నాను. సోనేపూర్‌కి ఫోను వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

పెద్దకర్మ అయ్యాక ఆయన కూతురు ఇల్లు సర్దుకుంటూ నన్ను పిలిచింది. "జేబులో విజిల్ ఉన్నాది అన్నయ్యా. రోజూ పొద్దున్నే కడిగి పెట్టుకునీవోరు. బడి మానీసి ఇన్నేళ్లయినాది, ఎందుకో మరి." నాకు తెలుసని చెప్పలేకపోయాను. ఆమె దాన్ని కొంగుకి ముడేసుకుంది. తర్వాత గోడ పక్కన కుర్చీ చూపించి, "అది లోపలెట్టీమంటావా? నీ బండికి అడ్డం కదా," అంది.

"ఉండనీ అమ్మా," అన్నాను.

కుర్చీ అక్కడే ఉంది. వాన పడితే దాంట్లో నీళ్లు నిలుస్తాయి. నేను సాయంత్రం సెన్సారు ఆపేసి, తెర ఆపేసి, అద్దం పూర్తిగా దించి వెనక్కి వస్తాను. అత్త వాకిట్లో నిలబడి చూసి, చీపురు అడ్డు తీస్తుంది. కుర్చీకి మూరెడు దూరంలో ఆగుతాను. ఇంజను కట్టేయను. సందులో పిల్లల అరుపులు, ఎక్కడో కుక్కరు కూత, కాలువలో నీళ్ల చప్పుడు వినిపిస్తాయి. నా కాలు బ్రేకు మీదే ఉంటుంది.