అభ్యర్థి గారి ఆమెన్

ఈ రోజు ఆరాధన మధ్యలో మా ఊరి సర్పంచ్ అభ్యర్థి ఒకాయన అనుచరులతో చర్చికి వచ్చాడు. మొయినాబాద్ చుట్టుపక్కల ఎన్నికలప్పుడు ఇది మామూలే. గుడికీ దర్గాకూ పోయి, మా దగ్గర కూడా నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని పోతారు.

ఈయన ఫాంహౌస్ గోడ మా సమాధుల తోట దారికి అడ్డంగా ఉంది. పోటీలో ఉన్న రెండో ఆయనకు ఊళ్లో మందు అమ్మే బెల్టుషాపు ఉంది. ఇద్దరిలో ఎవరికి వెయ్యాలో చెప్పమని నామినేషన్ల నాటి నుంచీ అవ్వలు పాస్టరు గారిని వదలడం లేదు. ఆయన మాత్రం నోరు విప్పలేదు.

అభ్యర్థి మోకరించాడు. అందరం కళ్లు మూసుకున్నాం. పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి గొంతెత్తారు.

"ప్రభువా, ఈ అన్నకు మంచి ఆరోగ్యమియ్యి."

"ఆమెన్" అన్నాం.

"ఇంటిల్లిపాదిని సల్లగ సూడు."

"ఆమెన్."

"మా సమాధుల తోట దారిల కట్టిన గోడ కూలగొట్టే మనసియ్యి."

చర్చి రేకులు లేచిపోయేలా ఆమెన్ అన్నాం. ఆ ఊపులో అభ్యర్థి కూడా అనేశాడు!

కళ్లు తెరిచేసరికి ఆయన మొహం మాడిపోయి ఉంది. "గోడ ముచ్చట దేవునికెందుకు చెప్పినవ్ పాస్టర్ సాబ్?"

"నీకు శానసార్లు చెప్పిన గదన్నా, ఇనకపోతివి."

ఓటు ఎవరికో మాకింకా తెలీదు. బెల్టుషాపు ఆయన వచ్చే ఆదివారం వస్తానని కబురు పెట్టాడు. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి మీరైతే ఏమడుగుతారో చెప్పండి. ఆమెన్ అనడానికి మా అవ్వలు ఇప్పటి నుంచే గొంతు సవరించుకుంటున్నారు.